అద్దాల గదిలో 'నేను'

వూచ్‌లో, ఆ ఊరి పేరుకు పడవ అని అర్థం,
దగ్గర్లో చెప్పుకోదగ్గ ఏరు లేదు,
మూతపడ్డ నేతమిల్లులో సభ.
ఎర్ర ఇటుక గోడలకు తెల్లటి దీపాలు,
మగ్గాలు నిలిచిన చోట మడత కుర్చీలు.
అంశం: ప్రజల పేరున ఎవరు మాట్లాడాలి.

వేదిక మీద ఇద్దరు.
ఆన్స్‌గార్ ల్యూడెక, హాంబర్గ్ నుంచి,
'ప్రజలు' ఒట్టి కల్పన అని ముప్పై ఏళ్లుగా అంటున్నవాడు.
సీగ్‌లిండ ఓర్ట్నర్, వియన్నా నుంచి,
ఆ కల్పన కూడా పోతే మిగిలేది బజారే అంటున్నది.
వెనక, అద్దాల గదిలో, డొబ్రొస్వావ కులేషా
ఇద్దరి జర్మన్‌నీ పోలిష్‌లోకి దించుతోంది.

దుబాసీలకు ఒక నియమం ఉంది:
'ఆయన అంటున్నారు' అనకూడదు.
ఆయన నేను అంటే తనూ నేను అనాలి.
కాబట్టి ఆమె ఒక నిమిషం రాజ్యాన్ని నమ్మదు,
మరు నిమిషం రాజ్యం తప్ప దిక్కులేదంటుంది,
దగ్గొస్తే బటన్ నొక్కి దగ్గుతుంది.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
మధ్యాహ్నం రెండింటి నుంచీ
ఆమె గొంతులో ఇముడుతూనే ఉన్నాయి.

ఇదే మిల్లులో వాళ్లమ్మది తొమ్మిదో మగ్గం.
ఆ రొదలో చెవులకు పనిలేదు,
ఆడవాళ్లు పెదాలు చూసి మాట్లాడుకునేవారట.
సూపర్‌వైజర్ వెనక నిలబడి తిట్టేవాడు,
ఒక్క తిట్టూ తగిలేది కాదు.

ఇక్కడ నాకో చిక్కు.
ల్యూడెక గంటకు నలభైసార్లు 'వియర్' అంటాడు.
డొబ్రొస్వావ దాన్ని 'మి' అంటుంది.
(మన చెవికది 'మీ'లా తగులుతుంది, కాదు.)
వాళ్లకు ఒక్కొక్క మాటతో సరిపోయింది.
నేను తెలుగులో రాస్తున్నాను, ప్రతిసారీ ఆగి అడగాలి:
అయ్యా, ఎదుటివాణ్ణి కలుపుకున్న మనమా,
గుమ్మం దగ్గర ఆపేసిన మేమా?
'మనం ఓడిపోయాం' అంటే ఓదార్పు.
'మేం ఓడిపోయాం' అంటే
నీ వల్లే అని.

నాలుగుంపావుకి హెడ్‌ఫోన్ చచ్చిపోయింది.
ల్యూడెక పెదాలు కదులుతున్నాయి, చెయ్యి గాలిని కోస్తోంది.
ఆమె ఆ పెదాలు చదవబోయింది, అమ్మ విద్య.
మీసం అడ్డమొచ్చింది.
సభలో రెండు వందల చెవుల్లో నిశ్శబ్దం.
అప్పుడు మైకులో, ఆ రోజుకి మొదటిసారి తన తరఫున, అంది:
"నాకేమీ వినపడటం లేదు."

సభ కదిలిపోయింది.
మూడో వరసలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
పెన్నులు కాగితాల మీదికి వంగాయి.
వెనక ఎవరో చప్పట్లు కొట్టారు, అవి అంటుకున్నాయి.
ల్యూడెక తెల్లబోయాడు,
ఆయన అప్పుడు చెబుతున్నది
ఒక ఫుట్‌నోట్ సంగతి.

వైరు మార్చారు. ప్రశ్నల వేళ
ల్యుబోమిర్ అనే కుర్రాడు లేచాడు:
"నాకేమీ వినపడటం లేదు అన్నారు కదా,
అది ఒప్పుకోలా, ఆరోపణా?"
డొబ్రొస్వావ దాన్ని జర్మన్ చేసింది,
నియమం ప్రకారం, తు.చ. తప్పకుండా.
ఆయన ఎన్నడూ అనని మాటని ఆయనకే అప్పజెప్పి
మంచినీళ్ల గ్లాసు అందుకుంది.

ల్యూడెక కాసేపు పైకప్పు చూశాడు.
నేనలా అనలేదే, అనొచ్చు.
"రెండూ," అన్నాడు.
పన్నెండు నిమిషాలు వివరించాడు. బాగా వివరించాడు, అదీ బాధ.
ఓర్ట్నర్ ఆ వాక్యాన్ని ఉతికి ఆరేసింది, అదీ బాగానే ఉంది.
డొబ్రొస్వావ తన మాటని తానే వెనకేసుకొచ్చి
తానే చీల్చి చెండాడింది,
నేను, నేను అంటూ.

రాత్రి ట్రామ్‌లో ఆమెకు కిటికీ సీటు దొరికింది.
స్టాపులో ఎదురు ట్రామ్ వచ్చి ఆగింది.
రెండు అద్దాల అవతల ఒకామె
నిద్రపోతున్న పిల్లాడి చెవిలో ఏదో అంటోంది.
మీసం లేదు, రొద లేదు. చదవగలిగింది:
"దిగుతున్నాం."

మనమా, మేమా, ఆ క్రియ అడగదు.
నేనూ అడగలేదు, అలాగే రాశాను.
డొబ్రొస్వావ సంచీ తీసుకుని లేచింది.
ఆమె స్టాపు
ఇంకా రెండున్నాయి.