కండువా కింద

ముగ్గురం ఒకే సోఫాలో ఇరుక్కున్నాం.
జర్మనీ కంపెనీ తరఫున టై కట్టుకొచ్చిన ఫణిభూషణ్,
బెంగళూరు క్లౌడు వాళ్ల రెజీనా,
అమీర్‌పేట మూడో అంతస్తు నుంచి నేను.
ముందుగా తుమ్మింది టై.

గుంటూరు, ఏటుకూరు రోడ్డు.
మార్చి ఎండలో కోల్డ్ స్టోరేజీలు
చల్లగా మూలుగుతున్నాయి.
ఏ తలుపు తెరిచినా ఘాటు.
పన్నెండు గోదాములు, నాలుగు దేశాలకు ఎగుమతి,
ఒకే ఒక్క సంతకం.
దాని కోసం ఆర్నెల్లుగా ఒకరి వెనక ఒకరం
ఈ మెట్లు అరగదీస్తున్నాం.

నా వంతు వచ్చింది.
తెర మీద పచ్చని గీత పైకి పాకింది.
ఏ టిక్కీ ఎక్కడున్నా చిటికెలో అన్నాను,
అంతా పారదర్శకం అన్నాను.
ఆ మాట నాలుక మీద నున్నగా జారింది,
వందోసారి గదా.

మూల కుర్చీలో ఖాసిం పీరా, ముప్పయ్యేళ్ల గుమాస్తా,
చెవి మీది పెన్సిల్ తీశాడు.
"తేజకి గడి ఉంది, బాడిగకి ఉంది.
తాలుకి ఏది బాబూ?"

తాలు. రంగు పోయిన కాయ.
పారేయరు, దానికీ ఒక ధర, ఒక కొనేవాడు.
కొన్నేళ్లు ఈ కొట్టుని గట్టెక్కించింది అదేనట.
"వచ్చే వెర్షన్‌లో" అన్నాను.
రెజీనా కూడా అదే చెప్పిందట. ఫణీ అదే.
మా ముగ్గురి భవిష్యత్తూ ఒకటే.

సాయంత్రం హిమబిందు గారు, పెద్దాయన కోడలు,
ఒక్కొక్కర్నే లోపలికి పిలిచారు.
"ఆఖరి మాట చెప్పండి."
నలభై శాతం కోసుకున్నాను.
బయటికొచ్చిన ఫణి మొహంలో
అతనెంత కోసుకున్నాడో వెతికాను.
నా మొహంలో రెజీనా వెతికింది.

ఖాసిం పీరా టీ ఊదుకుంటూ చెప్పాడు:
వాళ్ల నాన్న రోజుల్లో బేరమంతా కండువా కిందే.
వేలు నొక్కితే ఒక లెక్క, పిడికిలి పడితే ఇంకో లెక్క.
సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి
గుడ్డ కదలడం మాత్రం చూసేవాడు.

నేను గ్లాసు కింద పెట్టి
మూసిన గది తలుపుకేసి చూశాను.

"ఎవరిది కొన్నా ఒకటే బాబూ,
లెక్క తేలకపోతే రాత్రి కూర్చునేది నేనే"
అని చిట్టా మూసి రబ్బరు బ్యాండు వేశాడు.

సోమవారం రమ్మన్నారు, ముగ్గుర్నీ.
బస్టాండులో రెజీనా అరటిపండు తుంచి సగమిచ్చింది.
ఫణి టై విప్పి జేబులో కుక్కుకున్నాడు.
రెండుసార్లు చేతులు కడుక్కున్నా
బస్సెక్కి కన్ను నలుపుకున్నాను.
సత్తెనపల్లి దాటేదాకా నీళ్లు ఆగలేదు.
పక్క సీటాయన ఏం కష్టమో అనుకుని
కిటికీ వైపు నాకిచ్చాడు.