తోలుమందం

మంగళవారం మెడ మీద రెండు చోట్ల బొచ్చు గొరిగి
తోలు మడత పట్టి కొలిచాను.
పైన ఏడు. కింద ఏడు.
పై చోట పక్షుల క్షయ సారం, కింద పశువులది,
పెసరగింజంత పొక్కు లేచేలా ఒక్కో చుక్క.
నూట పన్నెండు మెడలు.
హోల్స్‌వర్తీ అవతలి కొండవాలు మీద
వాన అడ్డంగా కురుస్తూనే ఉంది.
హెస్టర్ లస్కోంబ్ ఏమీ అడగలేదు.
సోది చెప్పేదాని పెదాల వంక చూసినట్టు
నా చేతుల వంకే చూసింది.

ఇక డెబ్బై రెండు గంటలు
తోలు కింద ఒంటిలో ఒంటికే విచారణ:
ఈ శత్రువు ముఖం నీకు ఎరుకేనా?
ఎరుకైతే ఉబ్బు. లేకపోతే ఊరుకో.

ఎట్లా వస్తుందంటే నా దగ్గర ఒక్క జవాబు లేదు.
నీళ్ళ తొట్టి దగ్గర మూతీ మూతీ రాసుకున్న ఊపిరి కావచ్చు,
కంచె అవతలి మంద దగ్గు కావచ్చు,
సంతలో కొన్న దూడతో పాటు ట్రక్కెక్కి దిగిందేమో.
రాత్రుళ్ళు దాణాకొట్టంలో దూరే బ్యాడ్జర్,
నలుపూ తెలుపూ చారల మొహం, పొట్టి కాళ్ళు,
దాని మీదికి నెట్టేస్తే ఊరంతా హాయిగా నిద్రపోతుంది.
దానికి ఎవరు అంటించారో
ఎవరూ అడగరు.

గన్నవరం కాలేజీ హాస్టల్లో వంటామె మస్తానమ్మకు
ఏ క్రిమి పేరూ తెలియదు.
మూడు పొంగులు రానిదే పాలు దించేది కాదు.
ఎందుకంటే,
"పాలకు బుద్ధి రావాలి కదమ్మా" అనేది.

నేనూ ఒకసారి ఇట్లాగే నిలబడ్డాను.
వీసాకు ముందు, హైదరాబాదులో,
చల్లటి పలకకు ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టి.
నా ఊపిరితిత్తుల్లో మచ్చ లేదని కాగితం ఇచ్చారు.
భుజం మీద బీసీజీ మచ్చ ఎవరికీ పట్టలేదు.
ఇక్కడ ఆవులకూ పాస్‌పోర్టు ఉంటుంది:
పుట్టిన తేదీ, తల్లి నంబరు, మారిన చేతులు.
ఫోటో ఒక్కటే ఉండదు.

శుక్రవారం.
ముందు వేళ్ళకు తెలుస్తుంది, తర్వాతే కొలబద్దకు.
అరవై మెడలు నున్నగా జారిపోయాయి.
అరవై ఒకటోది డామ్సన్,
పులుపు పండు పేరు, పండు రంగే ఒళ్ళు.
పైన తొమ్మిది. కింద పదిహేను.
పుస్తకంలో రాస్తున్న మనవడు పియర్స్ పెన్సిలు ఆగింది.
"పదిహేనా?"
మళ్ళీ కొలిచాను, కొలిస్తే తగ్గుతుందన్నట్టు.
డామ్సన్ నా మోచెయ్యి నాకింది.
గరుకు నాలుక, వెచ్చన.
దగ్గు లేదు, జ్వరం లేదు,
పొద్దున ఇరవై రెండు లీటర్లు ఇచ్చింది.

చెప్పాల్సినవి చెప్పాను.
దీన్ని వేరే కొట్టంలో కట్టండి, పాలు పారబోయండి.
మందలో ఒక్క కాలూ గేటు దాటకూడదు.
అరవై రోజులకు మళ్ళీ వస్తాను.
తొట్టెలు ఎత్తు పెంచండి, దాణాకొట్టానికి తలుపు వేయించండి,
బూట్లు కడగండి, రోజూ కడగండి.
ఇంత పెద్ద జబ్బుకు ఇంత చిన్న చిన్న మాటలు.

"నీ పనికి తోలు మందంగా ఉండాలి కాబోలు" అంది హెస్టర్.
మా భాషలో ఆ మాట తిట్టు.
ఆవిడ దగ్గర ఏమిటో అడగలేదు.
బ్రష్షు పట్టుకుని బూట్లు తోముకుంటూ ఉండిపోయాను,
బురద పోయాక కూడా.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది.
కోసి చూస్తే ఎక్కడా గడ్డలు కనిపించలేదట.
"మరి ఎందుకు?" ఫోనులో హెస్టర్ గొంతు.
కనిపించకపోవడం, లేకపోవడం ఒకటి కాదన్నాను.
అది నిజం. నేను నమ్ముతాను.
అవతల చాలాసేపు వాన చప్పుడే వినిపించింది.

ఆ రాత్రి టీకి గిన్నె పెట్టాను.
కాచి, చల్లార్చి, సీసాకెత్తిన దుకాణం పాలు,
మళ్ళీ కాచే పనే లేదు.
ఒక పొంగు.
రెండో పొంగు.
మూడోది వచ్చేలోగా
ఫోను మళ్ళీ మోగింది.