పళ్ళన్నీ అసలువే

ఇక్కడ సముద్రం పొడిగా ఉంటుంది.
పార వేస్తే కరకరమంటుంది.
ఖురీబ్గా ఊరి బయట, ఫాస్ఫేటు గుట్టల వెనక,
మా పెరటి గోడకు ఆనించిన రేకు పళ్ళెంలో
నేను ఎండబెట్టేవి అంజూరాలు కావు,
ఏడు కోట్ల ఏళ్ళనాటి కోరలు.

మోససార్ అంటారు చదువుకున్నవాళ్ళు.
మేం ఊరికే "పెద్దది" అంటాం.
నీళ్ళలో పుట్టి, నీళ్ళలోనే పిల్లల్ని కని,
గాలి కోసం మాత్రం పైకొచ్చి
మళ్ళీ మునిగిపోయే బల్లి.
రెండు లారీల పొడవు.

నా పని చెబుతాను, దాచడానికేముంది.
ఒకదాని ముందు పన్ను, ఇంకోదాని వెనక పన్ను,
పక్క గుంతలో దొరికినవి మూడు.
బతికుండగా ఒకదాన్నొకటి చూసి ఉండవు అవి,
చూసుంటే రెండూ మిగిలేవి కావు.
దుమ్మూ జిగురూ కలిపి దవడ చేస్తాను,
వరసగా గుచ్చుతాను,
ఆరాక టీ నీళ్ళతో మరకలు పెడతాను.
కొనేవాళ్ళు అడుగుతారు: ఇది అసలుదేనా?
పళ్ళన్నీ అసలువే, అంటాను.
నోరొక్కటే అబద్ధం.
నోరు అబద్ధమవడం లోకంలో కొత్తా?

ఒక్కసారి మాత్రం
చెయ్యి పెట్టడానికి మనసొప్పనిది దొరికింది.
దొరికింది బూశ్తాకి.
వాడి పేరుకి వానల తండ్రి అని అర్థం,
వాడు పుట్టాక గట్టి వాన చూసిన గుర్తు మాకెవరికీ లేదు.
రాత్రి లాంతరు పెట్టుకుని తవ్వుతుంటే
గుప్పెడంత వెన్నుపూస ఒకటి.
దాని పక్కన ఇంకోటి.
దాని పక్కన
ఇంకోటి.
పదమూడు రాత్రులు తవ్వాం.
ముప్పై దాకా లెక్కపెట్టి నేను మానేశాను, వాడు మానలేదు.
మెడ. అంతా మెడే.
ఒంటెకి అసూయ పుట్టించే మెడ.
నాలుగు తెడ్లతో నీళ్ళలో ఎగిరే జంతువుకి
తలని అంత దూరాన ఎందుకు పెట్టాడో దేవుడు,
చేపకి ఒళ్ళు కనబడకముందే
నోరు చేరుకోవాలనేమో.

యాభై ఎనిమిది, వాడి లెక్క.
అక్కడ రైలుకట్ట వచ్చింది.
కట్ట కింద తల.
కట్ట మీద రేవుకి పోయే ఫాస్ఫేటు బండి.
బూశ్తా కంకర మీద చెవి ఆనించి చాలాసేపు పడుకున్నాడు.
లేచి, మొహం తుడుచుకోకుండానే
"కప్పెట్టేద్దాం" అన్నాడు.
కప్పెట్టేశాం. ఒక్క పూస కూడా అమ్మలేదు.
ఎందుకని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

మొన్న సాయంత్రం మా తూదాకి ముందు పన్ను ఊడింది.
మా వైపు పిల్లలు పాలపన్నుని సూర్యుడికి విసురుతారు:
గాడిద పన్ను తీసుకో, జింక పన్ను ఇవ్వు.
విసరబోయి ఆగింది.
"నాన్నా, ఆ పెద్దదానికి ఎన్నిసార్లు ఊడేవి?"
బతికినన్నాళ్ళూ, అన్నాను,
ఒకటి ఊడితే కిందనుంచి ఇంకోటి.
"మరి నీళ్ళలోంచి విసిరితే సూర్యుడికి అందుతుందా?"

అందలేదేమో.
అందుకే ఇన్ని పళ్ళు
మన గుంతల్లో పడి ఉన్నాయి.

కళ్ళు గట్టిగా మూసుకుని విసిరింది.
ఎంత దూరం పోయిందో గానీ
రేకు టక్కుమన్న చప్పుడు విన్నాను.

ఈ ఉదయం లియాన్ నుంచి వచ్చినతను
దవడని భూతద్దంతో చూశాడు, బేరమాడాడు, డబ్బిచ్చాడు.
పాత పేపర్లో చుడుతుంటే అప్పుడు కనబడింది,
ఎడమవైపు, చిట్టచివర,
బియ్యపుగింజకన్నా కాస్త పెద్దది, తెల్లగా.
నా చేత్తోనే గుచ్చినట్టున్నాను ఆ రాత్రి, దీపం చాలక.

చుట్టడం ఆపలేదు.
కారెక్కుతూ అతను మళ్ళీ అడిగాడు, అన్నీ అసలువేనా అని.
అన్నీ, అన్నాను.

తూదా గుమ్మంలో నిలబడి
చిగురు సందులోకి నాలుక పోనిచ్చి
జింక వచ్చిందేమోనని తడుముకుంటోంది.