ఒక్క వేలు చాలు

మావాడికి అన్నం తెలుపు, మరమరాలు తెలుపు,
పంచదార లేని పాలు తెలుపు.
నాలుగోది లేదు.
పప్పొచ్చి అన్నాన్ని తాకిందంటే
కంచం పాడైపోయినట్టే,
ఆ పూటకి ఇల్లు కూడా.

పోపులో ఆవాలు చిటపటమంటే
చెవులు మూసుకుని మంచం కిందికి పోతాడు జిష్ణు.
మా అమ్మ అప్పలనర్సమ్మ అనేది:
"రెండ్రోజులు కడుపు మాడితే అన్నీ తింటాడ్రా.
నీకేటి, ముక్కు మూసి మింగించలేదా?"
మింగించింది.
గోంగూర అంటే నలభయ్యేళ్లకీ
నా గొంతులో ఆ వేళ్లే తగుల్తాయి.

నేను షిప్‌యార్డులో వెల్డర్ని.
నిప్పు ముందు కూర్చోడానికి నాకు నల్లద్దం ఇచ్చారు.
ఓ రాత్రి షిఫ్టు దిగి
సింధియా దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు తట్టింది:
వాడి నాలుక్కి ఆ అద్దం లేదు.

ఎంవీపీ కాలనీలో వాణీప్రియ మేడం
మందు రాయలేదు. తినమనకండి, అంది.
"చూడనివ్వండి. ముట్టుకుంటానంటే ముట్టుకోనివ్వండి.
ఒక్క వేలు చాలు."
డబ్బులిచ్చి ఈ మాట కొనుక్కొచ్చావా, అంది మా అమ్మ.

ఎండలు ముదిరాక కంచరపాలెం గేటు దగ్గర
డజను ముంజలు కొన్నాను.
తెల్లగా ఉంటాయి కదా, అదీ నా ఎత్తు.
వాడు నా ఎత్తు కనిపెట్టి గదిలోకి పోయాడు.
ఒకదాన్ని గిన్నెడు నీళ్లలో వేసి కిటికీలో పెట్టి
మేం మా పనుల్లో పడ్డాం.
పాడైంది పారేసి రోజూ కొత్తది.
మూడోనాడు దూరం నుంచే, "అది ఊగుతోంది" అన్నాడు.
ఆరోనాడో ఏడోనాడో మోచేత్తో పొడిచాడు.
తర్వాత వేలు.
తర్వాత దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని
ఎదురింటి నీళ్ల ట్యాంకు కరిగిపోతోందని నవ్వాడు.
పెదవికి ఆనించిన రోజు
సంతోషి చప్పట్లు కొట్టబోయి
చేతులు కొంగులో దాచుకుంది.
చప్పట్లు కూడా వాడికి ఆవాలే.

కొరికాడు.
లోపలి నీరు చొక్కా మీద కారింది.
ఉమ్మాడు, చొక్కా విప్పేశాడు, నిద్రపోయేదాకా ఏడ్చాడు.
మళ్లీ మరమరాలు.
ముంజల కాలం కూడా అయిపోయింది.

మొన్న ఆదివారం సాయంత్రం సాగర్‌నగర్ ఒడ్డున
నేను గట్టు మీదే ఉన్నాను, చెప్పుల్తో.
తడి ఇసుక పాదం కింద జారితే
చిన్నప్పట్నించీ నాకు ఒళ్లు జలదరింపు.
ఈ ఊళ్లో పుట్టి ఆ మాట ఎవరికి చెప్పుకోను?
మావాడు మోకాళ్ల దాకా తడిసొచ్చి
నా చెప్పుల కేసి చూశాడు.
చాలాసేపు చూశాడు.
"రానక్కర్లేదు నాన్నా. ఇక్కణ్ణించి చూడు."
ఓ అల వచ్చి పోయింది.
"పోనీ, ఒక్క వేలు."

చెప్పు విప్పి బొటనవేలు ఆనించాను.
చల్లగా, ప్రాణమున్నదాన్లా కదిలింది.
వెనక్కి లాక్కున్నాను.

వాడేమీ అనలేదు.
పక్కన కూచుని జేబులోంచి మరమరాలు తీశాడు,
కొంచెం తడిసినవి.
మెత్తబడ్డవి ఏరి నాకిచ్చాడు,
కరకరలాడేవి తనుంచుకున్నాడు.