బియ్యం డబ్బాలో ఫోను

రాత్రి తొమ్మిదింటికి
ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను.
"వేరే గదిలో పెట్టండి" అంది డాక్టరమ్మ.
మందవెలిలో నాకున్నది ఒక్క గదే.
వేరే గదంటే ఇక డబ్బానే.

మొదట్లో గింజల కిందనుంచి గొణిగేది.
తమ్ముడై ఉంటాడు, చీటీ డబ్బుల కోసం.
లేదా ఎవరో ఎవరికో పంపిన నవ్వు, నాదాకా వచ్చి.
ఇప్పుడు అలవాటు పడింది.
పొద్దున తీసేసరికి ఒళ్ళంతా తవుడు పూసుకుని
ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

ఆగస్టులో ఒకరోజు, చింతాద్రిపేట స్టేషన్లో
కౌంటరు వెనక కూర్చుని ఉండగానే
నా చేతులు నావి కాకుండా పోయాయి.
తిరువాన్మియూరుకు రెండు టికెట్లు అడిగిన మనిషి
పెదాలు కదులుతున్నాయి, మాట వినపడదు.
క్యూ పెరిగింది. ఎవరో నాణెంతో అద్దం మీద కొట్టారు.
పక్క కౌంటరు ఎళిలరసి వచ్చి నా షట్టరు దించి
మెడ మీద తడి రుమాలు వేసి
"వదులు, ముందు ఊపిరి వదులు,
పీల్చుకోవడం దానంతటదే వస్తుంది" అంది.
అప్పుడు తెలిసింది,
ఎన్నేళ్ళుగానో పీల్చుకుంటూనే ఉన్నానని.

రాయపేట ఆసుపత్రిలో జ్ఞానప్రసూన అని పేరు చెబితే
జ్ఞాన వరకే రాసుకున్నారు.
ప్రసూన బయటే బెంచీ మీద కూర్చుంది.
"లోపల ఏమనిపిస్తోంది?"
ఈ ఊళ్ళోనే పుట్టాను. తమిళంలో బేరమాడాను, పోట్లాడాను,
ఒకసారి ప్రేమించాను కూడా.
దీనికి మాత్రం తమిళం రాలేదు.
"ఇంట్లో ఏ భాషో దాంట్లోనే రాసుకు రండి" అందావిడ.

టికెట్టు రోలు చివర మిగిలే ముక్కల వెనక రాయబోయాను.
దిగులు అని రాసి కొట్టేశాను.
దిగులు దీపాలు పెట్టే వేళకు వస్తుంది,
ఎందుకొచ్చిందో చెప్పదు, కాసేపు కూర్చుని లేచిపోతుంది.
ఇది అలా లేచిపోయే రకం కాదు.
బెంగ కాదు. బెంగకు చిరునామా ఉంటుంది,
అమ్మ పోయిన ఏడాదంతా నాకు ఆ చిరునామా తెలుసు.
గుబులా?
అది క్యాషులో నలభై రూపాయలు తేలక
తిరిగి తిరిగి లెక్కపెట్టిన రాత్రిది.
మరి ఇదేమిటి?

మూడో రాత్రి రసానికి చింతపండు పిసుకుతుంటే దొరికింది.
పులుపంతా దిగాక చేతిలో మిగిలేది చూపించి
"ఇదిగోనే, ఇదీ నేను" అనేది అమ్మ.
నేను నవ్వేదాన్ని.
పిప్పి.

డాక్టరమ్మకు అర్థం చెప్పడానికి
ఆవిడ టేబులు మీద ఉత్త గాలిని పిసికి చూపించాను.
నవ్వలేదు.
తన అక్షరాల్లో నా మాట రాసుకుని,
కింద గీత గీసుకుంది.
ఆరోజు ప్రసూన కూడా లోపలికొచ్చింది.

నయమైపోయిందని చెప్పను.
మాత్ర సగం వేసుకుంటున్నాను.
మొన్న మంగళవారం మళ్ళీ వచ్చింది, అదే అద్దం, అదే క్యూ.
నీకూ టికెట్టు ఇస్తాను, కాస్త ఆగు, అన్నాను దానితో.
పైన ప్లాట్‌ఫారం మీద రైలు కదులుతోంది.
చివరి పెట్టె దాటేదాకా ఊపిరి వదిలాను.
ఎళిలరసి చూసి, చూడనట్టు, చిల్లర లెక్కపెట్టుకుంది.

ఆదివారం డ్యూటీ మార్చుకోమంటే
కుదరదు అంటున్నాను.
నాలుగక్షరాలు, నాలుగూ వణుకుతూనే వస్తాయి.
తమ్ముడితో ఇంకా అనలేదు.

పొద్దున్నే డబ్బా మూత తీసి
నా ఒక్కదానికి ఒక గ్లాసు బియ్యం,
పైన చిన్న గోపురం నిలిచేలా కొలుచుకుంటాను.
ఫోను కోసం చెయ్యి పెడితే
ముందు బియ్యమే తగులుతుంది, చల్లగా.
చెయ్యి కాసేపు అక్కడే ఉంచుతాను.