మూడో వంతు

తార్నాకల కాయితాల దవాఖాన నాది.
పురుగు తిన్నదానికి పట్టీ ఏస్త,
నీళ్లు తాగి ముద్దైనదాన్ని పొరపొర ఇడదీస్త.
మైదా గంజి, జపాన్ పల్చటి కాయితం, మెత్తటి కుంచె,
ఇరవై రెండేండ్ల నుంచి ఇదే కొలువు.
ఫార్సీ నాకు రాదు.
అక్షరాల ఒంపు తెల్సు, అర్థం తెల్వదు.

మొన్న మంగళారం ఒక కట్టొచ్చింది,
కోత్వాలు కచేరీది,
మూసీ పొంగిన ఏటి ఫిర్యాదులు.
ముస్తఫీజ్ సాబ్ అద్దాలు తుడుచుకొని సదివిండు,
నడుమల ఆగి నవ్విండు.
'ఈడొక సముద్రపు దొంగున్నడు బేటీ,
సముద్రం లేని షహర్ల.'

పేరు బాల్దస్సారె. ఊరు జెనోవా.
మున్షీ రాసుకున్నది బల్దేసర్ ఫిరంగీ అని.
తోపుఖానాల కొలువు, నెలకు ముప్పై రూపాలు,
ఎనిమిది నెలల జీతం బాకీ.

పదకొండేండ్లకు ఓడెక్కిండట.
తాళ్లు గుంజి గుంజి ఏలిగీతలు అరిగినయట.
కిందికెళ్లి రాజులు మారినప్పుడల్లా పైన జెండా మార్చిండ్రట,
చలి పెడితే మూడు జెండాలూ కప్పుకొని పన్నడట.
ఉప్పు పడవల్ని కొట్టిండు, పగడాల పడవల్ని కొట్టిండు.
ఒకపారి అద్దాల ఓడ దొరికింది.
గడ్డిల పేర్చిన నిలువుటద్దాలు.
మూత తీయంగనే లోపటి నుంచి
తమ అసొంటి గడ్డపోళ్లే కత్తులతోటి పైకి చూస్తున్నరు.
ఎవ్వడు దిగలే.
'ఆ ఓడను కాలబెట్టినం' అన్నడు.
ఎందుకని మున్షీ అడగలే.

ఉరితాడు తప్పించుకొని మస్కట్, సూరత్, బందరు.
బందరు నుంచి ఎడ్లబండి.
ఏ తుఫాన్ల తిరగని కడుపు
సూర్యాపేట తొవ్వల తిరిగిందట.
ఈడికే ఎందుకొచ్చినవంటే
'ఉప్పు వాసన లేని ఊరు ఏదని అడిగిన, ఇది చూపిచ్చిండ్రు.'

ఇగ అసలు ఫిర్యాదు.
బేగంబజార్ల నూనె అమ్మే ఈదమ్మది.
మూసీ ఇండ్లల్లకు వచ్చిన రాత్రి
గుర్రాలసాల తలుపు ఊడబీకి, దాన్నే పడవ చేసి
ఈ ఫిరంగోడు తనను ఒడ్డు చేర్చిండు. నిజమే.
పాణం కాపాడిండు, అబద్ధమాడ, అన్నదామె.
కానీ దిగేటప్పుడు కాళ్లకెళ్లి చూసి
మూడు జతల కడియాలల్ల ఒక జత ఇప్పిచ్చుకుండు.
అవి మా అవ్వ తొడిగినయి.

బల్దేసర్ తలొంచలే.
'సముద్రం మీద హుజూర్,
మునిగేదాన్ని తీసినోనికి మూడో వంతు.
అది దొంగతనం కాదు. దొంగతనం నాకు తెల్సు.'
'ఇది మూసీ' అన్నడు కోత్వాలు.
'ఆ రాత్రి కాదు.
నేను మింగి చూసిన.'

తీర్పున్న కాడ బొక్క.
చెదలు సక్కగా తిన్నయి, రేగుపండంత,
అంచులు గోధుమరంగుకు తిరిగినయి.
కడియాలు ఇచ్చిండా, కొరడా దెబ్బలు పడ్డయా?
'ఇచ్చే ఉంటడు' అన్నడు ముస్తఫీజ్ సాబ్.
ఆయనకు అందరూ ఇస్తరనే నమ్మకం.
బిడ్డ పెండ్లికి ఇచ్చిన అప్పు
ఇంకా ఒక్కలు తిరిగియ్యలే.

కట్ట అడుగున ఇంకో చీటీ అతుక్కొని ఉండె.
ఆవిరి పట్టి తీసిన.
మూడేండ్ల తర్వాతిది, తోపుఖానా ఖజానాది.
బల్దేసర్ ఫిరంగీ జీతం బాకీల
మూడో వంతు ముట్టింది,
తీసుకున్నది ఈదమ్మ, నూనె బేరం.
కింద ఆడోళ్ల నిశానీ, గాజు గుర్తు,
కలంతోటి గీసిన సున్నా.
కొంచెం వంకర.

ఆమె అతన్ని దేంట్లకెళ్లి తీసిందో
ఏడ రాసి లేదు.
మిగిలిన రెండు వంతులు ఎవరు తిన్నరో కూడ.

బొక్క మీద పల్చటి కాయితం పరిచి
అద్దకం కాయితం పెట్టి బరువు పెట్టిన.
ముస్తఫీజ్ సాబ్ టిఫిన్ డబ్బా ఇప్పిండు,
పప్పుల ఉప్పు తక్కువైందని
నా డబ్బాలకు చెయ్యి చాపిండు.
గంజి ఆరెదాక ముట్టొద్దన్న.