ఎటు జారితే అటే

పదిహేడేండ్లు ఎడమపక్క సీట్లో కూర్చొని
జనాలకు తిన్నగా పోవడం నేర్పినోణ్ణి.
నా కాలికింద ఇంకో బ్రేకు ఉండేది.
తాడిపత్రిలో సగంమంది
ఆ బ్రేకు పుణ్యాన గోడలకు గుద్దుకోకుండా
లైసెన్సు తెచ్చుకున్నారు.

ఇంత తిన్ననోడికి
నలభైమూడో ఏట బండిని అడ్డంగా తోలాలనిపించింది.
ఒక వానపొద్దు, గుత్తి రోడ్డు మలుపులో,
స్కూలు కారు తోక ఒక్క గడియ నా మాట వినలేదు.
నేర్చుకునే పాప కెవ్వుమంది.
నేను నవ్వినాను.
ఇంటికొచ్చి, నవ్వినందుకు సిగ్గుపడినాను.

డ్రిఫ్టింగు అంటారంట దాన్ని.
చెప్పినోడు ఖాజాపీరా,
ఎనిమిదంకె తిప్పలేక రెండుసార్లు తప్పిన నా శిష్యుడు.
"ముందుచక్రాలు లాగే బండి పనికిరాదు సార్,
వెనకనుంచి తోసేది కావాల."

అట్ల వచ్చింది పాత ఓమ్ని, ముప్పైఎనిమిది వేలకు.
యాడిదప్పా బండి అని అడిగినోళ్లకు
యాడికిదే అని చెప్తే
ఎగతాళనుకుని ముఖం తిప్పుకున్నారు.
సోడాలు మోసిన బండి అది.
వెనకసీట్లు పీకి, కడిగి, చిమ్మినా
ఒక గోలీ మాత్రం ఏ సందులో దాగిందో చిక్కలేదు.
మలుపు మలుపుకీ దొర్లుతుంది.

పాలిషు ఫ్యాక్టరీ వెనక
బండలు కోసిన బురద ఎండి పరుచుకున్న తెల్లబయలు.
ఆదివారం రంపాలు నోరు మూస్తాయి.
నాలుగు డ్రమ్ముల నీళ్లు చల్లితే
నేలంతా వెన్న.
నడుమ ఒక పెయింటు డబ్బా.
తలకు హెల్మెట్టు, రొమ్ముకు బెల్టు,
పంచరు షాపులో మున్నూరుకొకటి తెచ్చిన బోడిటైర్లు.
అంతే సరంజామా.

రెండో గేరు. డబ్బా చుట్టూ స్టీరింగు.
క్లచ్చి తొక్కి, రేసు పెంచి, టక్కున వదలాల.
తోక జారుతుంది.
"ఎటు జారితే అటే తిప్పండి సార్, అటే!"
చేతులకు అర్థమైంది గానీ
ఎడమకాలికి కాలేదు.
లేని రెండో బ్రేకు కోసం వెతుకులాడి
క్లచ్చిని తొక్కి పట్టుకుంటుంది.
బండి ఉస్సురని నిలబడిపోతుంది.

"డబ్బాను చూస్తే డబ్బానే గుద్దుతారు,
పోవాలనుకున్న చోటు చూడండి."
మూడేండ్ల కింద వాడికి నేను చెప్పిన మాటే,
వడ్డీ లేకుండా తిరిగిచ్చినాడు.

వాచ్‌మన్ తిక్కస్వామి గేటుకానించి కేకేసినాడు:
"ఏం పోగొట్టుకున్న్యావప్పా, ఆడాడే తిరుగుతాండావు?"
నాలుగో వారం ఇంకో మాట:
"గానుగెద్దు నయం, నూనెన్నా వస్తాది."

నిజమే. నాకు వచ్చింది
చెవుల వెనక తెల్లపిండి, మెడ పట్టేయడం,
అద్దంలోంచి కాక పక్కకిటికీలోంచి
దారి చూసే కొత్త అలవాటు.
సోమవారం స్కూలు కార్లో
"సార్, మీరెటు చూస్తున్నారు?" అన్నాడు బ్యాంకాయన.
తిన్నగా చూడు నాయనా అన్నాను,
అంతకుమించి ఏం చెప్పేది?

ఆరో ఆదివారం.
పీరా డ్రమ్ముకు నీళ్లు పడుతున్నాడు.
తిక్కస్వామి టీకి పోయినాడు.
నేను ఊరికే తిరుగుతున్నాను, నేర్చుకోవాలని కూడా లేదు.
గోలీ దొర్లి తలుపుకు తగిలింది, టక్.
తోక కదిలేది దాని తర్వాతేనని
అప్పుడు తెలిసింది.
చేతులు ముందే తిప్పేసినాయి.
ఎడమకాలు, నమ్ముతారా, నిమ్మళంగా పడుంది.
డబ్బా నా కిటికీ ముందర
పెండ్లిపీటల మీద పిల్లలాగ కదలకుండా కూర్చుంది,
దాని చుట్టూ తాడిపత్రి తిరిగింది,
చిమ్నీ, రంపాల షెడ్డు, మళ్లా చిమ్నీ.
బురద రెక్కలాగ లేచి అద్దాన్ని కప్పింది.
నాలుగు సెకన్లో, ఐదో.

దిగి అరిచినాను. ఎవరూ చూడలేదు.
చక్రాల గీత మాత్రం ఉంది, తడిగా, వంకరగా,
నా దస్తూరిలాగ లేదు.

"ఇంకోసారి చేయండి సార్" అని
పీరా బకెట్టు దించి, చేతులు కట్టుకుని నిలబడినాడు.

డబ్బాను గుద్దినాను.